కోర్టుకెక్కిన మనస్తత్వశాస్త్రం

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ మన పట్టణాల్లో వినిపించే మాటలు రెండే రెండు. ఒకటి ఇంజనీరింగు, రెండు డాక్టరీ. సూర్యాపేట బస్‌స్టాండులో హైదరాబాదు బస్సు కోసం నిలబడిన తండ్రీకొడుకులను పలకరించినా, మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమాస్తాగారిని కదిపినా, కోదాడలో విజయవాడ ఫీజులకూ హైదరాబాదు ఫీజులకూ తేడా లెక్కవేసుకుంటున్న ఇల్లాలిని అడిగినా జవాబు ఒక్కటే. ఈ రెండు మాటల మధ్య ఈ మధ్య ఒక కొత్త మాట తొంగిచూస్తున్నది. "ఫోరెన్సిక్ సైకాలజీ చదువుతానంటున్నదండీ మా అమ్మాయి. అదేమి చదువు? తిండి పెడుతుందా?" అని అడిగే తల్లిదండ్రులు మా కాలేజీ గుమ్మం దాకా వస్తున్నారు.

అడగవలసిన ప్రశ్నే. సినిమాల్లో, టెలివిజన్ కథల్లో ఈ శాస్త్రజ్ఞుడు హంతకుడి కళ్లలోకి చూసి నిజం లాగేస్తాడు. పిల్లలు చూసేది ఆ బొమ్మను. తల్లిదండ్రులు భయపడేది కూడా ఆ బొమ్మకే. అసలు శాస్త్రం ఆ బొమ్మకు చాలా దూరంలో ఉన్నది. బొమ్మకన్న ఎక్కువ ఓర్పుతో కూడుకున్నది, ఎక్కువ అవసరమైనదీను.

పేరులో ఏమున్నది?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనుక మాటతోనే మొదలుపెడతాను. 'ఫోరెన్సిక్' అనే మాటకు మూలం లాటిన్‌లోని 'ఫోరం'. పూర్వం రోము నగరంలో పదిమందీ చేరే బహిరంగ స్థలానికి ఆ పేరు. అంగడి అక్కడే, ఉపన్యాసం అక్కడే, తగవు తీర్పూ అక్కడే. మన ఊళ్లలో దానికి సరిగ్గా సరిపోయే మాట ఉన్నది: రచ్చబండ. నలుగురిముందు, రచ్చలో నిలబడి రుజువు చేయదగిన శాస్త్రానికి ఫోరెన్సిక్ శాస్త్రమని పేరు. రక్తపు మరకను రచ్చకెక్కించేది ఒక శాఖ. వేలిముద్రను ఎక్కించేది ఒక శాఖ. మనిషి మనసును గురించి తెలిసినదాన్ని న్యాయస్థానానికి పనికివచ్చే రీతిలో చెప్పేది ఫోరెన్సిక్ సైకాలజీ. తెలుగులో 'న్యాయ మనస్తత్వశాస్త్రం' అనవచ్చు. 'నేర మనస్తత్వశాస్త్రం' అనే మాట కొంత ఇరుకు. ఎందుకంటే ఈ శాస్త్రం నేరస్థుడి ఒక్కడి గురించే కాదు. సాక్షి, బాధితుడు, పసిపిల్ల, ఖైదీ, ఒక్కొక్కప్పుడు విడాకుల కేసులో బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చవలసిన తల్లిదండ్రులు, అందరూ దాని పరిధిలోకి వస్తారు.

మర్యాద రామన్న చాలునా?

"ఇదంతా మనకు కొత్తేమిటి? మర్యాద రామన్న చేసినది ఇదే కదా" అనవచ్చు పాఠకులు. నిజమే. నెయ్యి అప్పు తగవు కథ చిన్నప్పుడు వినని తెలుగువారు అరుదు. ఒకామెకు పాడి ఎక్కువ, ఇంకొకామెకు తక్కువ. అప్పిచ్చానని పాడి తక్కువామె అంటుంది, ఇంత పాడిగల నాకు అప్పెందుకని రెండో ఆమె అంటుంది. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్లు కడుక్కోమని చెరొక చెంబెడు నీళ్లు ఇచ్చాడు. పొదుపరి ఆ నీళ్లతోనే కాళ్లు కడుక్కొని ఇంకా మిగిల్చింది. దుబారామనిషికి చెంబెడూ చాలలేదు. తగవు తేలిపోయింది.

కథ ముచ్చటైనది. రామన్న మనుషుల నడవడిని గమనించి నిజాన్ని ఊహించాడు. కాని ఈనాటి శాస్త్రం ఇక్కడ ఒక చిన్న ప్రశ్న వేస్తుంది. "నీళ్లు దుబారా చేసిన మనిషి నెయ్యి అప్పు తప్పకుండా ఎగవేస్తుందా? నూరుమందిని ఇట్లా పరీక్షిస్తే ఎందరి విషయంలో మన ఊహ తప్పుతుంది?" న్యాయ మనస్తత్వశాస్త్రానికి ప్రాణం ఈ ప్రశ్నలోనే ఉన్నది. రామన్నకు ఉన్నది చురుకైన బుద్ధి. శాస్త్రానికి కావలసినది తన తప్పును తాను లెక్కపెట్టుకొనే అలవాటు.

ఉదాహరణకు, అబద్ధమాడేవాడు తల వంచుకుంటాడని, చెమటలు పోస్తాయని, మాట తడబడుతుందని మనకందరికీ గట్టి నమ్మకం. పిల్లల దగ్గరా, పనివాళ్ల దగ్గరా ఆ పరీక్షే చేస్తాం. ఈ విషయంమీద జరిగిన అనేక పరిశోధనలను కలిపి 2006లో ఛార్లెస్ బాండ్, బెల్లా డీపాలో అనే ఇద్దరు అమెరికన్ పండితులు లెక్క కట్టారు. ఎదుటివాడు చెప్పేది నిజమో అబద్ధమో చూపుతో, వినికిడితో మనుషులు సరిగా కనిపెట్టేది నూటికి 54 సార్లు మాత్రమే. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు సరిపోతుంది! మన గొప్ప లోకజ్ఞానం విలువ నాలుగు సార్లన్నమాట.

సాక్షి సంగతీ ఇంతే. 1901లో బెర్లిన్‌లో ఒక న్యాయశాస్త్ర తరగతిలో ఇద్దరు విద్యార్థులు పోట్లాడుకున్నారు, ఒకడు పిస్తోలు తీశాడు. అది ముందే ఏర్పాటు చేసుకున్న నాటకం. తరువాత చూసినవారిచేత జరిగినది చెప్పించగా ప్రతివారి మాటలోనూ తప్పులు దొర్లాయి. ఉద్రేకం ఎక్కువైన ఘట్టం దగ్గర తప్పులూ ఎక్కువయ్యాయి. హార్వర్డు ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1908లో సాక్షుల జ్ఞాపకశక్తిమీద ఒక పుస్తకమే రాశాడు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కలిసి చేసిన ప్రయోగం ఇంకా చక్కనిది. కార్ల ప్రమాదం ఫిల్ము ఒక్కటే. "కార్లు ఢీకొన్నప్పుడు వేగమెంత?" అని కొందరిని అడిగారు. "నుజ్జు నుజ్జయ్యేట్టు గుద్దుకొన్నప్పుడు వేగమెంత?" అని మరికొందరిని అడిగారు. రెండో జట్టువారు చెప్పిన వేగం ఎక్కువ. వారం తరువాత అడిగితే, ఫిల్ములో లేని పగిలిన గాజుముక్కలను కూడా చూశామన్నారు వారిలో కొందరు. అంటే ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకాన్నే మార్చివేసింది. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. అక్కడే ఉన్నది చిక్కు. అబద్ధమాడేవాణ్ణి ప్లీడరు పట్టుకోగలడు. మనస్ఫూర్తిగా పొరపాటు పడినవాణ్ణి పట్టుకోవడానికి శాస్త్రం కావాలి.

మన ముంగిట్లో జరిగినది

ఈ చదువు మనకెక్కడో దూరపు సంగతి అనుకోవడానికి వీలులేకుండా చేసిన ఘటన మన మిర్యాలగూడలోనే జరిగింది. 2018 సెప్టెంబరు 14వ తేదీన, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రినుంచి బయటికి వస్తున్న ఒక యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. కులం వేరైనవాణ్ణి కూతురు పెళ్లాడిందన్న కసితో ఆమె తండ్రి డబ్బిచ్చి చేయించిన హత్య అది. ఆ తండ్రి 2020లో ప్రాణం తీసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం ఒక ముద్దాయికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.

ఆ రోజుల్లో మూడు పట్టణాల్లోనూ ఇంటింటా చర్చే. పెంచి పెద్దచేసిన కూతురి బ్రతుకును తండ్రి చేతులారా ఎట్లా కూల్చగలిగాడని కొందరు, పరువు పోయినవాడి బాధ మీకేం తెలుసునని కొందరు. ఈ రెండో మాట అన్నవారు మన బంధువుల్లోనూ ఉన్నారు, మన వీధిలోనూ ఉన్నారు. పరువు అనే ఊహ ప్రేమను మించి మనిషిని ఎట్లా లోబరచుకుంటుంది, ఇరుగుపొరుగుల మెప్పుకోలు ఆ ఊహకు ఎట్లా ఎరువు వేస్తుంది అన్నది మనస్తత్వశాస్త్రం తప్పక అడగవలసిన ప్రశ్న. కారణం తెలుసుకోవడం వేరు, క్షమించడం వేరు. జబ్బు ఎట్లా వచ్చిందో చెప్పిన వైద్యుడు జబ్బును సమర్థించినట్లు కాదు గదా!

ఇక్కడ ఒక చిత్రమైన సంబంధం ఉన్నది. మన దేశంలో ఈ శాస్త్రానికి హద్దులు గీసిన పెద్ద తీర్పు 2010 మే 5న సుప్రీంకోర్టు ఇచ్చిన 'సెల్వి' తీర్పు. దానికి మూలమైన కేసు కూడా ఇటువంటిదే. కర్ణాటకలో కులాంతర వివాహం చేసుకున్న ఒక యువకుడు 2004లో హత్యకు గురయ్యాడు. అనుమానం అమ్మాయి తల్లిమీదికి, బంధువులమీదికి పోయింది. పోలీసులు అబద్ధాలు కనిపెట్టే యంత్రంతోనూ, మెదడు తరంగాల పరీక్షతోనూ నిజం రాబట్టాలనుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. మత్తుమందిచ్చి మాట్లాడించే నార్కో పరీక్ష గాని, పాలిగ్రాఫ్ గాని, మెదడు పరీక్ష గాని మనిషి ఇష్టం లేకుండా చేయరాదని, అది రాజ్యాంగంలోని 20(3) అధికరణానికి విరుద్ధమని న్యాయమూర్తులు తేల్చారు. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యంగా చెల్లదు. దాని ఆధారంగా తరువాత దొరికిన వస్తువు వంటిది ఉంటే, అది చట్టప్రకారం చెల్లవచ్చు.

అంతకు రెండేళ్ల క్రితమే, 2008లో, పూణేలో ఒక న్యాయస్థానం శిక్ష వేయడంలో మెదడు తరంగాల పరీక్షను కూడా ఆధారంగా తీసుకున్నది. ప్రపంచంలోని అనేకమంది శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. కనుక ఈ చదువు చదవబోయేవారు మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటే. యంత్రం పెట్టి నిజం పిండడం ఈ శాస్త్రానికి గొప్ప కాదు. తన యంత్రం ఎక్కడ పనిచేయదో చెప్పగలగడం గొప్ప.

ఉరికి ముందు ఒక నివేదిక

మరణశిక్ష మాట వచ్చింది గనుక ఇంకొక తీర్పు చెప్పాలి. 2022 మే 20న 'మనోజ్' కేసులో సుప్రీంకోర్టు ఒక నియమం పెట్టింది. మరణశిక్ష పడదగిన కేసుల్లో, ముద్దాయి మానసిక స్థితిని గురించిన నివేదిక విచారణ చేసే న్యాయస్థానం ముందుకే రావాలి. అతని కుటుంబం, బాల్యం, చదువు, జబ్బులు, జైలులో ప్రవర్తన, మారే అవకాశం ఇవన్నీ చూసిన తరువాతనే శిక్ష నిర్ణయించాలి.

ఇది దయాధర్మం మాట కాదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోని 'ప్రాజెక్ట్ 39ఏ' బృందం 2021లో వెలువరించిన అధ్యయనంలో, మరణశిక్ష పడిన 88 మంది ఖైదీలను నిపుణులు పరీక్షించగా నూటికి 62 మందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నట్లు తేలింది. నూటికి 11 మందికి బుద్ధిమాంద్యం ఉన్నది. ఆ బృందంవారే ఇప్పుడు మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో 'స్క్వేర్ సర్కిల్ క్లినిక్' పేరుతో పనిచేస్తున్నారు.

నివేదిక కావాలని న్యాయస్థానం అడిగినంత మాత్రాన అది చెట్టుకు కాయదు. రాయగలిగిన మనిషి ఉండాలి. గంటలతరబడి ఖైదీతో మాట్లాడాలి, వాళ్ల ఊరికి పోయి తల్లినీ, బడిపంతులునూ కలవాలి, నటన ఏదో జబ్బు ఏదో విడదీయాలి, చివరకు బోనులో నిలబడి ప్లీడరు వేసే ప్రశ్నలకు తొణకకుండా జవాబు చెప్పాలి. ఒకరి ప్రాణం, మరొకరి కుటుంబానికి దక్కవలసిన న్యాయం, రెండూ ఆ కాగితాలమీద ఆధారపడి ఉంటాయి.

ఇట్లాగే మతిస్థిమితం మాట. 1843లో లండన్‌లో మెక్‌నాటన్ అనేవాడు ప్రధానమంత్రి కార్యదర్శిని కాల్చి చంపాడు. మతి చెడినవాడని న్యాయస్థానం వదలిపెట్టింది. ఆ గొడవలోనుంచి పుట్టిన సూత్రమే 1860 నాటి మన శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ అయింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది 22వ సెక్షన్. నేరం చేసిన ఆ క్షణంలో తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలియని స్థితిలో ఉన్నవాడు నేరస్థుడు కాడు. ఈనాడు జబ్బు ఉన్నదని చెప్పడం తేలిక. ఏడాది క్రితం ఆ క్షణంలో మనసు ఎట్లా ఉన్నదో చెప్పడమే కష్టం.

పసివాళ్ల మాట, మన మాట

ఈ శాస్త్రానికి హంతకులకన్న ఎక్కువ పని పసిపిల్లలతో ఉన్నది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012లో వచ్చింది. పిల్ల దగ్గర వాంగ్మూలం తీసుకొనే అధికారి యూనిఫారంలో ఉండకూడదు. ఇంటివద్దగాని, పిల్లకు ఇష్టమైన చోటగాని తీసుకోవాలి. మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదు. సాక్ష్యం చెప్పేటప్పుడు ముద్దాయి కంటబడకూడదు. 2016లో హైదరాబాదులో మొదలై తరువాత జిల్లాలకు వ్యాపించిన 'భరోసా' కేంద్రాలు ఈ పనికోసం ఏర్పడినవే.

బాలుడే నేరం చేసిన సందర్భం ఇంకొకటి. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం 16 ఏళ్లు నిండి 18 నిండనివాడు ఘోరనేరం చేశాడని ఆరోపణ వస్తే, అతన్ని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది తేల్చడానికి బాలల న్యాయమండలి ముందుగా అతని మానసిక సామర్థ్యాన్ని అంచనా వేయాలి. చేసినదాని ఫలితం అతనికి తెలుసునా? ఎటువంటి పరిస్థితుల్లో చేశాడు? 2022 జూలైలో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. మండలిలో బాలల మనస్తత్వశాస్త్రం చదివి వృత్తిలో ఉన్నవారు లేనప్పుడు, అటువంటి నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అన్నది.

మరి ఆ నిపుణులు పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారు? నా మనసును ఎక్కువగా పట్టుకొన్న ప్రశ్న ఇది. మనస్తత్వ పరీక్షలలో చాలాభాగం ఇంగ్లీషులో పుట్టినవి. మన వైపు పిల్ల "నాకు బుగులైతున్నది" అంటుంది. ఆ బుగులు వట్టి భయం కాదు. గుండెలో గుబులు, రాబోయేదాని దిగులు, ఒంటరితనం అన్నీ అందులో ఉన్నాయి. పెద్దామె "పానం మంచిగ లేదు" అంటుంది. మాటకు మాట అనువదించేవాడు అది ప్రాణంమీద విరక్తి అని రాసుకొంటే కొంప మునుగుతుంది. ఆమె చెప్పినది ఒంట్లో బాగాలేదని మాత్రమే. మిర్యాలగూడ, దామరచర్ల ప్రాంతాల తండాలలోని లంబాడా పిల్లకు తెలుగు కూడా బడిలో నేర్చుకున్న భాషే. ప్రశ్నలో ఒక్క మాట మారితే జ్ఞాపకమే మారుతుందని లాఫ్టస్ ప్రయోగం చెప్పింది కదా! అటువంటప్పుడు దుబాసీ నోటిగుండా పోయిన ప్రశ్న ఎన్ని వంకరలు తిరుగుతుందో ఊహించండి.

అందుకే మన పట్టణాల పిల్లలు ఈ చదువులోకి పోవాలంటాను. ఇక్కడి సందు, ఇక్కడి మాట, ఇక్కడి మౌనం తెలిసినవారికి ఉన్న సదుపాయం గొప్ప నగరాల కాన్వెంటు చదువులకు లేదు. ఇంగ్లీషు నేర్చుకోవచ్చు. బుగులు అంటే ఏమిటో పుస్తకంలో దొరకదు.

దారి ఎటు?

ఇక తల్లిదండ్రులు అడిగే అసలు ప్రశ్నకు వద్దాం.

మొదటి మెట్టు డిగ్రీలో సైకాలజీ. మన చిన్నపట్టణాల కాలేజీలలో ఈ విషయం దొరకడం అరుదు గనుక చాలామందికి హైదరాబాదు పోక తప్పదు. ఆడపిల్లలకు కోఠీ మహిళా కళాశాల ఎంతోకాలంగా సైకాలజీ చెబుతున్న చోటు. అదే ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైంది. సూర్యాపేటనుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడవారికి ఇంకొక గంట ఎక్కువ. మిర్యాలగూడవారికి రైలు సౌకర్యం కూడా ఉన్నది.

రెండో మెట్టు ఎం.ఏ. లేదా ఎం.ఎస్‌సి. ఇక్కడ రెండు బాటలున్నాయి. ఒకటి, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయంలో మామూలు సైకాలజీ ఎం.ఏ. చేసి, తరువాత న్యాయశాఖవైపు తిరగడం. ఉస్మానియావంటివాటికి రాష్ట్రమంతటికీ ఉమ్మడిగా జరిగే ప్రవేశపరీక్ష రాయాలి. రెండోది నేరుగా ఫోరెన్సిక్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఎస్‌సి. దీనికి పేరుపొందినది గాంధీనగర్ కేంద్రంగా ఉన్న జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయం. 2008లో గుజరాత్ ప్రభుత్వం చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యంగల సంస్థ అయింది. ప్రవేశానికి ప్రత్యేక పరీక్ష ఉన్నది. ఏ యేడు ఏ శాఖలో, ఏ ఊళ్లో ఎన్ని సీట్లో ఆ యేటి ప్రకటన చూసి నిర్ణయించుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎం.ఎస్‌సి. పట్టా చేతికి రాగానే 'క్లినికల్ సైకాలజిస్టు'నని బోర్డు కట్టుకోవడానికి వీలులేదు. వ్యాధి నిర్ణయించి చికిత్స చేసే ఆ వృత్తికి భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, మండలిలో పేరు నమోదు అవసరం. ఇంతకాలం దానికి ఎం.ఏ. తరువాత రెండేళ్ల ఎం.ఫిల్. ఉండేది. కొత్త విద్యావిధానంలో ఎం.ఫిల్. పట్టాలు పోతున్నందున ఆ చదువుల స్వరూపం మారుతున్నది. న్యాయస్థానంలో ముద్దాయి జబ్బును గురించి చెప్పదలచినవారికి ఈ శిక్షణే వెన్నెముక. సికింద్రాబాదులోని స్వీకార్ సంస్థ, బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఈ శిక్షణకు పేరుపడినవి.

రెండో హెచ్చరిక ఇంకా ముఖ్యం. "ఇంట్లో కూర్చునే పోస్టులో సైకాలజీ ఎం.ఏ." అనే ప్రకటనలు మన పట్టణాల గోడలమీద కనిపించేవి. ఉద్యోగాలు చేసుకొనే ఇల్లాళ్లు ఎందరో అట్లా చదివారు కూడా. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాలనుంచి సైకాలజీని దూరవిద్యగా గాని, ఆన్‌లైన్‌లో గాని చెప్పరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం ఆదేశించింది. మనుషుల మనసులతో చేసే పని కనుక ఎదుట కూర్చుని నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. కాబట్టి ఇప్పుడెవరైనా ఆ ఆశ చూపి ఫీజు కట్టమంటే కట్టకండి.

విదేశాల మాటకు వస్తే, ఇంగ్లండులో గుర్తింపు ఉన్న ఎం.ఎస్‌సి. తరువాత మరికొన్నేళ్ల పర్యవేక్షిత శిక్షణ పూర్తిచేసి పేరు నమోదు చేయించుకుంటేనే 'ఫోరెన్సిక్ సైకాలజిస్టు' అన్న బిరుదు. అమెరికాలో 2001లో ఈ శాఖకు ప్రత్యేక వృత్తిగా గుర్తింపు వచ్చింది. న్యూయార్కులోని జాన్ జే కాలేజీ ఈ చదువుకు ప్రసిద్ధి. అయితే అక్కడ స్వతంత్రంగా వృత్తి చేయాలంటే డాక్టరేటూ లైసెన్సూ రెండూ కావాలి. రెండేళ్ల పట్టాకోసం పొలం అమ్మి పంపదలచిన తండ్రి ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

తిండి పెడుతుందా?

నిజం చెప్పాలంటే ఇంజనీరింగువలె కాలేజీ వాకిట్లోకే ఉద్యోగం నడిచిరాదు. కాని ద్వారాలు తెరుచుకుంటున్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టాలలో ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి పోయి తీరాలన్న నియమం ఉన్నది. దాన్ని ఏర్పాటు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చారు. అందులో మనస్తత్వ నిపుణుల వాటా చిన్నదే, అయినా శాస్త్రశాలలు పెరుగుతాయి. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ప్రయోగశాల, రామంతపురంలో కేంద్ర ప్రయోగశాల ఉన్నాయి. భరోసా, సఖి కేంద్రాలు, బాలల న్యాయమండళ్లు, బాలల గృహాలు, జైళ్లు, మరణశిక్ష కేసుల్లో పనిచేసే న్యాయసహాయ బృందాలు, కాలేజీలలో బోధన ఇవన్నీ ఉన్నాయి. వీటిలో చాలా ఉద్యోగాలు ఒప్పందంమీద ఇచ్చేవి, జీతం మొదట్లో పలుచనే. ఓపిక లేనివారు దిగరాదు.

మరొక పని కూడా ఉన్నది. మరణం ఆత్మహత్యా, హత్యా, ప్రమాదమా అన్నది తేలనప్పుడు చనిపోయినవారి చివరి రోజుల మనస్థితిని బంధువుల మాటలద్వారా, రాతలద్వారా తిరిగి నిర్మించడం. 2018లో ఢిల్లీలోని బురారీలో ఒకే ఇంట్లో 11 మంది మరణించినప్పుడు ఇటువంటి పరిశీలనే చేయించారు. పెళ్లయి ఏడాది తిరగని కోడలు ఉరిపోసుకున్నదన్న వార్త మన జిల్లా పేజీలలో ఎన్నిసార్లు చదవలేదు? ఆ ఇంటి తలుపుల వెనుక ఏమి జరిగిందో శాస్త్రీయంగా అడిగేవారు ఉండటం ఎంత మేలు!

"ఆడపిల్ల. జైళ్లచుట్టూ, నేరస్థులచుట్టూ తిరగాలా? రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి?" మొన్న ఒక తల్లి అన్న మాట ఇది. ఆమె కూతురు పక్కనే నిలబడి ఉన్నది. తలవంచుకొనే, మెల్లగా, "అమ్మా, మొన్న మన వీధి పిల్లకు అట్లా అయినప్పుడు ఆ పిల్ల చెప్పేది వినడానికి ఒక్క ఆడమనిషి లేదని నువ్వే అన్నావు గదా" అన్నది. తల్లి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇటువంటి వాదానికి జవాబు నా వద్దా లేదు.

నేరాలు వినీ వినీ చదివేవారి మనసు కూడా అలసిపోతుందన్న మాట నిజం. మంచి సంస్థలలో పైవారితో ఆ బరువు పంచుకొనే ఏర్పాటు శిక్షణలో భాగంగానే ఉంటుంది. చేరేముందు అడిగి తెలుసుకోవలసిన విషయాలలో అదీ ఒకటి. అలాగే, సినిమాలో చూసిన హంతకుల వేట కోసం వచ్చే పిల్లలను ఇంట్లోనే ఒకసారి పరీక్షించండి. ఎదుటివారు చెప్పేది మధ్యలో అడ్డురాకుండా పావుగంట వినగలరా? తమ అభిప్రాయం తప్పని తేలితే సంతోషంగా మార్చుకోగలరా? రోజుకు నాలుగు పేజీలు తప్పుల్లేకుండా రాయగలరా? ఈ మూడూ ఉన్నవారికి ఈ చదువు తగినది. లెక్కలశాస్త్రం కొంత రావాలి, ఇంగ్లీషు రావాలి, వీటన్నిటికీ ముందు తెలుగు బాగా రావాలి.

మన న్యాయస్థానాలలో ప్లీడర్లకు కొరత లేదు, పోలీసులకు కొరత లేదు, సాక్షులకూ కొరత లేదు. సాక్షి గొంతులోని వణుకు అబద్ధమా, బుగులా అని నిలకడగా చెప్పగలవారికే కొరత. ఆ కొరతను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు తీరుస్తామంటే తల్లిదండ్రులారా, ఫీజులూ సీట్లూ గుర్తింపులూ జాగ్రత్తగా విచారించండి. వద్దని మాత్రం వెంటనే అనకండి.